పక్కవాడి కోసం చెయ్యెత్తితే చట్టం ఎంతవరకు వెంట ఉంటుంది?

ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒక వాట్సాప్ సందేశం మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. కొత్త చట్టం వచ్చిందనీ, ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 233 కింద అత్యాచారానికి తెగబడినవాడిని చంపినా కేసు ఉండదనీ దాని సారాంశం. ఐపీసీ 233వ సెక్షన్ చెప్పేది దొంగనాణేలు తయారుచేసే పనిముట్ల గురించి. ఆ ఐపీసీ స్థానంలో కూడా 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) అమల్లోకి వచ్చింది. సందేశం తప్పు. అయితే అది చెప్పబోయిన హక్కు మాత్రం ఉంది. కొత్తగా వచ్చిందేమీ కాదు, 1860 నాటి ఐపీసీలోనే ఉంది. పైగా అది బాధితురాలికి ఒక్కదానికే ఉన్న హక్కు కాదు, అటుగా పోతున్న ఆటో డ్రైవరుకీ ఉంది.

ఈ విషయం తెలియక జనం రెండు రకాలుగా తప్పుతున్నారు. కొందరు "మనకెందుకు, స్టేషన్ చుట్టూ తిరగాలి" అని తప్పుకుంటారు. ఇంకొందరు దొరికినవాడిని కరెంటు స్తంభానికి కట్టి తలా ఒకటి తగిలించి, ఊరికి మేలు చేశామనుకుంటారు. మొదటివారు ఉన్న హక్కును వదులుకుంటున్నారు, రెండోవారు లేని హక్కును వాడుకుంటున్నారు.

అడ్డుకోవడం, పట్టుకోవడం, కాపాడటం, చెప్పడం

"ఆదుకోవడం" అని మనం ఒకే మాటగా అనేదాంట్లో చట్టం దృష్టిలో నాలుగు వేర్వేరు పనులున్నాయి. దాడి చేస్తున్నవాడిని బలం ఉపయోగించి ఆపడం ఒకటి. దీనికి బీఎన్‌ఎస్ 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు వర్తిస్తాయి. నేరం చేసినవాడిని పట్టుకుని పోలీసులకు అప్పగించడం రెండోది. ఇది అరెస్టు, విచారణల పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 40వ సెక్షన్ కిందికి వస్తుంది. దెబ్బతిన్న మనిషిని కాపాడటం మూడోది, పోలీసులకో అధికారులకో సమాచారం ఇవ్వడం నాలుగోది. మొదటి పనికి ఉన్న వెసులుబాటు రెండోదానికి లేదు. గొడవలు ముదిరేది ఎక్కువగా ఇక్కడే. అడ్డుకోవడం అయిపోయి పట్టుకోవడం ఎప్పుడు మొదలైందో కొట్టే చేతికి తెలియదు.

ఎవరిని కాపాడవచ్చు, ఎంతవరకు

మనుషుల్ని ఎవరినైనా కాపాడవచ్చు. బీఎన్‌ఎస్ 35వ సెక్షన్‌లో ఉన్నది "తన శరీరాన్ని గానీ, మరే వ్యక్తి శరీరాన్ని గానీ" అని. బంధుత్వం అక్కర్లేదు, పరిచయం కూడా అక్కర్లేదు. ఆస్తి విషయంలోనూ అంతే. దొంగతనం, దోపిడీ, విధ్వంసం, అక్రమ ప్రవేశం జరుగుతుంటే పొరుగువాడి ఆస్తిని కూడా కాపాడవచ్చు.

ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు శరీర రక్షణలో ఏడున్నాయి (38వ సెక్షన్). చావు తప్పదన్న భయం కలిగించే దాడి, తీవ్ర గాయం తప్పదన్న భయం కలిగించే దాడి, అత్యాచారం చేయాలన్న ఉద్దేశంతో దాడి, అసహజ లైంగిక వాంఛతో దాడి, ఎత్తుకుపోవడానికి దాడి, అధికారుల సాయం అందే వీలు లేకుండా నిర్బంధించే దాడి, యాసిడ్ పోయడం లేదా పోయబోవడం. ఈ ఏడింటిలో ఏదీ కానప్పుడు చావు తప్ప మిగతా హాని వరకే హక్కు (39వ సెక్షన్).

ఇందులో "తీవ్ర గాయం" అంటే మనం మామూలుగా అనుకునేంత పెద్దదే కానవసరం లేదు. చూపు పోవడం, వినికిడి పోవడం, అవయవం పోవడంతో పాటు ఎముక విరగడం, పన్ను ఊడటం కూడా 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే. అలాగని పన్ను ఊడగొడతాడేమోనన్న భయంతో మనిషిని చంపేయవచ్చని కాదు. ఏడు సందర్భాలకూ పైన 37వ సెక్షన్ కాపలా ఉంది. అవసరానికి మించిన హాని ఏ సందర్భంలోనూ చెల్లదు.

కుటుంబ గొడవలో ఈ హక్కు ఎలా నిలిచిందో 1959లో సుప్రీంకోర్టు తేల్చిన విశ్వనాథ్ కేసు చూపిస్తుంది. విడిగా పుట్టింట్లో ఉంటున్న భార్యను భర్త బలవంతంగా లాక్కుపోబోయాడు. ఆమె తలుపు పట్టుకుని కేకలు వేసింది. ఆమె తమ్ముడు కత్తి తీసి ఒక్క పోటు పొడిచాడు. అది గుండెకు తగిలి బావ చనిపోయాడు. భర్త భార్యను తీసుకెళ్లడం నేరమెలా అవుతుందన్నది అక్కడి వాదన. బలవంతంగా ఈడ్చుకుపోవడం ఎత్తుకుపోవడమేననీ, అది ఆ ఏడు సందర్భాల్లో ఒకటనీ కోర్టు చెప్పింది. ఒక్క పోటుతో ఆగిపోయాడు కాబట్టి అవసరానికి మించి హాని చేశాడని కూడా అనలేమంది. తమ్ముడు నిర్దోషిగా బయటపడ్డాడు. "మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకు" అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు మన తీర్పుల్లో అరుదు.

ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది

దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. ప్రయత్నం వల్లనో బెదిరింపు వల్లనో ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం కలగగానే హక్కు మొదలవుతుంది. ఆ భయం ఉన్నంతసేపూ ఉంటుంది, అది పోగానే పోతుంది (బీఎన్‌ఎస్ 40వ సెక్షన్).

రాజాం దగ్గర ఒక ఊళ్లో గట్టు తగాదా అనుకుందాం. పక్క చేను రైతు పార ఎత్తి ఒక ముసలాయన మీదికి వచ్చాడు. దారిన పోతున్న కుర్రాడు కర్రతో ఆ చేతి మీద కొట్టాడు. పార కింద పడింది. ఇక్కడిదాకా కుర్రాడికి భయం లేదు. వాడు పార తీసుకోవడానికి మళ్లీ వంగాడు, కుర్రాడు భుజం మీద ఇంకొకటి వేశాడు. ఇదీ సమర్థించుకోదగిందే, ఎందుకంటే ప్రమాదం ఇంకా పోలేదు. వాడు పారను వదిలేసి చేనుకు అడ్డం పడి పరుగెత్తాడు, కుర్రాడు వెంటపడి కాలి మీద కొట్టి ఎముక విరగ్గొట్టాడు. ఈ మూడో దెబ్బకు రక్షణ లేదు. మొదటి రెండు దెబ్బలూ రక్షణే. మూడోది మాత్రం కొత్త నేరం, దాని మీద వేరే కేసు నిలబడుతుంది.

ముందు రోజు సంగతి కూడా ఇంతే. "రేపు సంతలో నీ సంగతి చూస్తా" అన్నవాడిని ఇవాళే వెళ్లి కొట్టడానికి ఈ హక్కు పనికిరాదు. అధికారులను ఆశ్రయించేంత వ్యవధి ఉంటే హక్కు ఉండదని 37వ సెక్షన్ అంటుంది. వ్యవధి ఉందా లేదా అన్నది మాత్రం చోటును బట్టి ఉంటుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఉన్న వ్యవధి వేరు, సీతంపేట కొండమీద ఊళ్లో రాత్రి పదకొండింటికి ఉన్న వ్యవధి వేరు. ఇక కళ్లముందు దాడి జరుగుతుంటే పారిపోయే దారి ఉంది కాబట్టి పారిపోవాల్సిందేనని మన చట్టం అనదు. పిరికివాడిలా ప్రవర్తించమని చట్టం ఎవరినీ కోరదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో మళ్లీ చెప్పింది.

సగంలో వచ్చినవాడి చిక్కు

తనను తాను కాపాడుకునేవాడికి గొడవ ఎక్కడ మొదలైందో తెలుసు. పక్కవాడి కోసం దిగేవాడికి అది తెలియదు. కథ సగం నడిచాక వస్తాడు, కనిపించిన దృశ్యాన్ని బట్టి పక్షం ఎంచుకుంటాడు. ఇతరుల రక్షణలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. హక్కు ఎంత విశాలమైనా చూపు ఇరుకు.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ బయట మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు మనుషులు ఒక కుర్రాడిని జబ్బ పట్టి ఈడుస్తున్నారు. వాడు "కాపాడండి, చంపేస్తున్నారు" అని అరుస్తున్నాడు. ఒకాయన పరుగున వచ్చి ఇద్దరిలో ఒకడిని తోశాడు, వాడు పడి మోకాలు పగిలింది. తర్వాత తేలిందేమంటే వాళ్లిద్దరూ కానిస్టేబుళ్లు, కుర్రాడు నిందితుడు. వచ్చినాయన నేరం చేసినట్టా?

ఇలాంటిదే న్యూయార్క్‌లో నిజంగా జరిగింది. మఫ్టీలో ఉన్న డిటెక్టివ్‌ల చేతిలో పెనుగులాడుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడి కోసం ఒక అపరిచితుడు అడ్డుపడ్డాడు. కాపాడేవాడు కాపాడబడేవాడి స్థానంలోకి వెళ్తాడనీ, ఆ కుర్రాడికి ఎదురు తిరిగే హక్కు లేదు కాబట్టి ఇతనికీ లేదనీ అక్కడి అత్యున్నత కోర్టు 1962లో తీర్పు చెప్పి శిక్షను నిలబెట్టింది. ఆ సూత్రం మరీ కఠినమన్న విమర్శ వచ్చింది. తర్వాత ఆ రాష్ట్రమే చట్టం మార్చుకుని, కాపాడేవాడు సహేతుకంగా ఏం నమ్మాడన్నదే కొలత అంది.

మన దగ్గర ఆ రెండో దారే మొదటి నుంచీ ఉంది. వాస్తవం విషయంలో పొరబడి, తాను చేసేది చట్టబద్ధమేనని సద్భావంతో నమ్మి చేసిన పని నేరం కాదని 17వ సెక్షన్ చెబుతుంది. దాని కింద ఇచ్చిన ఉదాహరణ కూడా ఇలాంటిదే. ఒకడు హత్య చేస్తున్నట్టు కనిపిస్తే ఇంకొకడు వాడిని పట్టుకున్నాడు. నిజానికి వాడు ఆత్మరక్షణలో ఉన్నాడు. అయినా పట్టుకున్నవాడిది నేరం కాదు.

అయితే ఇక్కడ "సద్భావం" అంటే మంచి మనసు ఉంటే చాలని కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్భావం కిందికి రాదని చట్టమే నిర్వచించింది. కాంప్లెక్స్ దగ్గర ఆ ఇద్దరిలో ఒకరు గుర్తింపు కార్డు చూపించి "పోలీసులం" అని అరిచి ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు 37వ సెక్షన్ వస్తుంది. ప్రభుత్వోద్యోగి తన హోదాలో సద్భావంతో చేస్తున్న పని, చట్టప్రకారం అక్షరాలా సరైనది కాకపోయినా సరే, చావు భయమో తీవ్ర గాయం భయమో కలిగించనంతవరకు దాన్ని బలంతో అడ్డుకునే హక్కు ఎవరికీ లేదు. ఎదుటివాడు ఉద్యోగి అని తెలియకపోతే, తెలుసుకునే ఆధారం కూడా లేకపోతేనే ఈ ఆంక్ష వర్తించదు. కాబట్టి చెయ్యి వేయడానికి ముందు "ఎవరు మీరు?" అని గట్టిగా అడిగిన ఆ రెండు క్షణాలు రేపు కోర్టులో సద్భావానికి సాక్ష్యం అవుతాయి.

సగంలో వచ్చినవాడికి ఇంకో ఉచ్చు మనవాడన్న అభిమానం. పెళ్లి ఊరేగింపులో మన పిన్ని కొడుకు ముందు చెయ్యి చేసుకున్నాడు, ఎదుటివాడు తిరగబడ్డాడు. మనం చూసింది ఆ తిరగబాటునే. ఎదుటివాడు చేస్తున్నది ఆత్మరక్షణ అయితే అది నేరం కాదు, నేరం కానిదానిపై రక్షణ హక్కు పుట్టదు. మనవాడు మొదలుపెట్టాడని తెలిసి కూడా దిగితే కాపాడినట్టు కాదు, దాడిలో చేయి కలిపినట్టు. ఎదుటివాడు మతిస్థిమితం లేనివాడో తాగి ఒళ్లు తెలియనివాడో అయితే మాత్రం సంగతి వేరు. వాడికి శిక్ష పడకపోవచ్చు గానీ వాడి నుంచి కాపాడే హక్కు మనకు పూర్తిగా ఉంటుంది (36వ సెక్షన్).

ఎంత దెబ్బ సరిపోతుంది

చావు బతుకుల మధ్య ఉన్నవాడు దెబ్బను తూకం వేసి కొట్టలేడు. బంగారం తూచే త్రాసులో వీటిని తూచకూడదని సుప్రీంకోర్టు 1952 నుంచి అంటూనే ఉంది. ఆ ఏడాది తీర్పు వచ్చిన అమ్జద్ ఖాన్ కేసులో మతకల్లోలం నడుస్తోంది. అమ్జద్ ఖాన్ పక్కనే ఉన్న అన్నదమ్ముడి దుకాణాన్ని గుంపు దోచి, అమ్జద్ తలుపు మీద లాఠీలతో బాదుతోంది. లోపల కుటుంబం ఉంది. అతను తుపాకీ పేల్చాడు, ఒకరు చనిపోయారు. తలుపు విరిగేదాకా ఆగి చూడాల్సిన పని లేదని కోర్టు అతన్ని విడిచిపెట్టింది.

త్రాసు వద్దన్నారంటే కొలతే లేదని కాదు. కోర్టులు సాధారణంగా చూసేవి ఇవి: ఎదుటివాడి చేతిలో ఏముంది, కాపాడేవాడి చేతిలో ఏముంది, దెబ్బ ఎక్కడ పడింది, ఎన్ని పడ్డాయి, ముందు నుంచా వెనక నుంచా, మనిషి పడిపోయాక కూడా కొట్టారా. డాక్టరు రాసిచ్చే గాయాల ధ్రువపత్రం ఈ ప్రశ్నలన్నిటికీ సాక్షుల కంటే నిక్కచ్చిగా జవాబు చెబుతుంది. మెడ వెనక నాలుగు పోట్లున్నప్పుడు "నా మీదికి వస్తుంటే ఆపాను" అన్న మాట నిలవడం కష్టం.

హద్దు దాటితే నేరుగా హత్య కేసేనా? అన్నిసార్లూ కాదు. సద్భావంతో, ముందస్తు పథకం లేకుండా, అవసరానికి మించి హాని చేయాలన్న ఉద్దేశం లేకుండా హద్దు దాటి ప్రాణం తీస్తే అది హత్య కాదు. 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు ప్రకారం హత్యగా పరిగణించని నరహత్య. శిక్ష 105వ సెక్షన్ కింద పడుతుంది. చంపే ఉద్దేశం ఉంటే యావజ్జీవం లేదా ఐదు నుంచి పదేళ్లు, చావవచ్చని తెలిసీ చేస్తే పదేళ్ల వరకు. తక్కువ నేరమే గానీ తక్కువ శిక్ష కాదు.

దొంగ దొరికాక

ఆస్తి రక్షణలో ప్రాణం తీసేదాకా పోయే హక్కు నాలుగు సందర్భాలకే ఉంది (41వ సెక్షన్): దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికో సరుకు నిల్వకో వాడే కట్టడానికి నిప్పు లేదా పేలుడు పదార్థం పెట్టడం, చావు లేదా తీవ్ర గాయం భయం కలిగించేలా జరిగే దొంగతనం, విధ్వంసం, గృహ ప్రవేశం. పక్కింటి పెరట్లో ఆరబెట్టిన జీడిపిక్కల బస్తా భుజాన వేసుకుని పోతున్నవాడు వీటిలో దేనిలోకీ రాడు. బస్తా లాక్కోవచ్చు, తోయవచ్చు, ఆపవచ్చు, అంతే. బస్తా వదిలేసి పరుగెత్తాడంటే సొత్తు తిరిగి దక్కినట్టే, రక్షణ హక్కు అక్కడితో సరి.

ఆ తర్వాత మిగిలేది పట్టుకునే అధికారం. మామూలు మనిషి కూడా అరెస్టు చేయవచ్చు గానీ మూడు షరతులున్నాయి. నేరం తన కళ్లముందు జరగాలి. అది బెయిలు హక్కుగా దొరకనిదీ, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగినదీ రెండూ అయి ఉండాలి. పట్టుకున్నవాడిని అనవసర జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. ఈ ఆరు గంటల గడువు పాత సీఆర్‌పీసీలో లేదు, బీఎన్‌ఎస్‌ఎస్ తెచ్చింది. రాత్రి పదింటికి పట్టుకుని తెల్లారాక పెద్దమనుషులు వచ్చి పంచాయితీ పెట్టేదాకా రామమందిరం అరుగు మీద కూర్చోబెడితే గడువు దాటినట్టే. అక్కడి నుంచి అది అక్రమ నిర్బంధం.

ఇంకో మెలిక కూడా ఉంది. ఐదు వేల రూపాయల లోపు విలువైన మామూలు దొంగతనాన్ని కొత్త చట్టం చిన్న నేరంగా వేరు చేసి, బెయిలు ఇవ్వదగినదిగా, వారెంటు లేకుండా అరెస్టు చేయరానిదిగా పట్టికలో పెట్టింది. కాబట్టి నాలుగు వేల విలువైన పిక్కల దొంగను "అరెస్టు" చేసే అధికారం గ్రామస్తులకు లేదు. పోలీసులకు ఫోన్ చేసి, ఫొటో తీసి, వివరాలు చెప్పడమే సరైన దారి. అదే వాడు రాత్రిపూట తాళం పగలగొట్టి ఇంట్లోకి దూరి ఉంటే విలువ లెక్క లేదు, పట్టుకోవచ్చు. ఈ తేడా చదువుకున్నవాళ్లకు కూడా తెలియదు, తెలుస్తుందని ఆశించడం కూడా ఎక్కువే.

కట్టేసి కొట్టడానికి మాత్రం ఏ సెక్షనూ లేదు. గుంపుగా కొడితే ఒక్కొక్కడు వేసింది ఒక్క దెబ్బే అయినా ఉమ్మడి ఉద్దేశం కింద అందరూ అన్ని దెబ్బలకూ బాధ్యులవుతారు. కర్ర తెచ్చిచ్చినవాడూ, తాడు కట్టినవాడూ తప్పించుకోలేరు. ఉత్తరాంధ్ర ఊళ్లలో చిల్లంగి (చేతబడి) పెట్టిందని ఒక ముసలమ్మ మీద పడే గుంపు కూడా ఊరిని కాపాడుతున్నామనే అంటుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారుతో దేశంలో పలుచోట్ల దారిన పోయేవాళ్లను కొట్టి చంపినవాళ్లూ అదే మాట అన్నారు. వాళ్ల భయం నటన కాకపోవచ్చు. చట్టం అడిగేది ఆ భయం సహేతుకమా అని, చేతబడి వల్ల ప్రాణం పోతుందన్న నమ్మకానికి అక్కడ స్థానం లేదు. కులం, పుట్టిన ఊరు, భాష, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణంతో ఐదుగురు లేదా అంతకు మించి కలిసి చంపితే 103వ సెక్షన్ రెండో భాగం కింద శిక్ష మరణమో యావజ్జీవమో.

హక్కు సరే, బాధ్యత ఉందా?

ఇది నీతి ప్రశ్న, పాతది. మనుధర్మశాస్త్రం ఎనిమిదో అధ్యాయం తనను కాపాడుకోవడానికీ, స్త్రీలనూ బ్రాహ్మణులనూ కాపాడటానికీ చంపినవాడికి దోషం లేదంటుంది. ఎవరిని కాపాడితే దోషం లేదో అందులో జాబితా ఉంది. ఇప్పటి చట్టంలో "మరే వ్యక్తినైనా" అని ఉంది, ఆ జాబితా పోవడమే పెద్ద మార్పు. ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు భీష్ముడు ధర్మం సూక్ష్మమంటూ తప్పుకుంటే, వికర్ణుడు కౌరవుడై ఉండి కూడా లేచి అడిగాడు. మన జనం ఇప్పటికీ భీష్ముడిని పూర్తిగా క్షమించలేదు. అహింసను వ్రతంగా పెట్టుకున్న గాంధీ కూడా 1920లో రాసిన వ్యాసంలో ఒక సంగతి చెప్పారు. 1908లో తనను చావు అంచుల దాకా కొట్టినప్పుడు తాను అక్కడ ఉంటే ఏం చేయాల్సిందని పెద్ద కొడుకు అడిగాడట. బలం వాడైనా తనను కాపాడటమే నీ విధి అని జవాబిచ్చానని రాశారు. పిరికితనం, హింస రెండే దారులైతే హింసనే ఎంచుకోమంటానన్నారు.

ఎదుటి వాదనకూ బలం ఉంది. తెలియని గొడవలో దిగినవాడి వల్ల దెబ్బలు రెండింతలు కావచ్చు. కత్తి ఉన్నవాడి ముందుకు ఉత్త చేతులతో పోయినవాడు తానే బాధితుడై, వచ్చిన పోలీసులకు ఇద్దరిని మోయాల్సిన పని పెడతాడు. బలం రాజ్యం చేతిలో ఉండటమే నాగరికత అనీ, దాన్ని అందరికీ పంచితే పెత్తందారులే ఎక్కువ వాడుకుంటారనీ అనేవాళ్లున్నారు. గుంపు దాడుల చరిత్ర చూస్తే ఆ మాట కొట్టిపారేయలేం.

ఫ్రాన్స్, జర్మనీ మధ్యేమార్గం ఎంచుకున్నాయి. తనకు ప్రమాదం లేకుండా సాయం చేయగలిగి కూడా చేయనివాడికి ఫ్రాన్స్‌లో ఐదేళ్ల వరకు జైలు, 75 వేల యూరోల జరిమానా ఉంది. జర్మనీలో ఏడాది వరకు. మన దగ్గర అలాంటి సాధారణ బాధ్యత లేదు. చెరువులో మునుగుతున్న అపరిచితుడిని చూస్తూ నిలబడ్డవాడిని శిక్షించే సెక్షన్ లేదు. మునిగేది బిడ్డ అయితే తల్లిదండ్రులకు, ఈత నేర్చుకునేవాడైతే డబ్బు తీసుకుని నేర్పేవాడికి బాధ్యత ఉంటుంది. పిల్లలపై లైంగిక నేరం తెలిసి చెప్పకపోతే పోక్సో చట్టం కింద ఆరు నెలల వరకు జైలు. గృహహింస విషయంలో చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు గానీ, పక్కింటివాళ్లు సద్భావంతో రక్షణాధికారికి చెబితే వాళ్ల మీద ఏ కేసూ పెట్టడానికి వీల్లేదని 2005 చట్టం 4వ సెక్షన్ అభయం ఇస్తుంది. 112 (అత్యవసర నంబరు)కో 181 (మహిళా హెల్ప్‌లైన్)కో ఒక ఫోన్ కూడా ఆదుకోవడమే, చాలాసార్లు అన్నిటికంటే తెలివైనది.

రోడ్డు మీద పడి ఉన్నవాడిని ఎత్తితే

పదహారో నంబరు జాతీయ రహదారి మీద రణస్థలం దగ్గర ప్రమాదం జరిగితే జనం గుమిగూడతారు, కారెక్కించేవాడు మాత్రం వెనకాడతాడు. ఈ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 సవరణతో వచ్చిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్, 2020 నిబంధనలు కలిసి సాయం చేసినవాడిని కాపాడతాయి. పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. తనంత తానుగా సాక్షిగా ఉంటానంటే అతనికి వీలైన చోట, వీలైన వేళ వాంగ్మూలం తీసుకోవాలి. ఎత్తడంలో పొరపాటు జరిగి గాయం ముదిరినా సివిల్, క్రిమినల్ బాధ్యత లేదు.

ఈ సెక్షన్ మోటారు వాహన ప్రమాదాలకే. కళింగపట్నం సముద్రంలో మునిగినవాడిని ఒడ్డుకు లాగి గుండె మీద నొక్కితే అక్కడ పనికొచ్చేది బీఎన్‌ఎస్ 30. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. అంత నొక్కితే పెద్దవాళ్లకు పక్కటెముక విరగడం మామూలే. ఎముక విరగడం తీవ్ర గాయమని పైన చూశాం. అయినా సమ్మతి చెప్పే స్థితిలో లేని మనిషి మేలు కోసం, ప్రాణం కాపాడటానికి సద్భావంతో చేసింది నేరం కాదు. ఈ సెక్షన్ కింద చట్టం ఇచ్చిన ఉదాహరణల్లో పులి ఎత్తుకుపోతున్న మనిషిని కాపాడటానికి కాల్పులు జరిపి, ఆ గుండు మనిషికే తగలడం ఒకటి.

పులి మాట వచ్చింది కాబట్టి ఉద్దానం ఎలుగుబంటి సంగతి కూడా. జీడి, పనస పండే కాలంలో తోటల్లో మనుషుల మీద పడటం వజ్రపుకొత్తూరు, మందస వైపు కొత్త కాదు. ఎలుగును చంపడం పెద్ద నేరం. కానీ తననో మరొకరినో కాపాడటానికి సద్భావంతో చంపితే నేరం కాదని 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. రెండు చిక్కులున్నాయి. ఆ సమయానికి ఆ మనిషి అదే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉండకూడదు. అడవిపందికి ఉచ్చు వేయడానికి పోయి ఎలుగు ఎదురుపడితే ఈ మినహాయింపు దొరకదు. రెండోది, చచ్చిన జంతువు ప్రభుత్వ సొత్తు. భయపడి గుట్టుగా పాతిపెట్టినవాడు ఉన్న రక్షణను తానే పాడుచేసుకుంటాడు.

కేసు నమోదైతే

హక్కు ఉందంటే కేసే పెట్టరని కాదు. ఇద్దరికీ గాయాలైతే ఇరువైపులా ఫిర్యాదులు, కౌంటర్ కేసు మామూలే. అరెస్టూ జరగవచ్చు. రక్షణ హక్కు సాధారణంగా దర్యాప్తులోనో విచారణలోనో తేలుతుంది. దాన్ని రుజువు చేసే భారం నిందితుడిదే (భారతీయ సాక్ష్య అధినియం 108వ సెక్షన్), కానీ ప్రాసిక్యూషన్‌లాగా సందేహానికి తావులేకుండా చూపనక్కర్లేదు, అలా జరిగి ఉండటమే ఎక్కువ సంభవం అని చూపితే చాలు. నిందితుడు ఆ మాట నోరు తెరిచి అనకపోయినా, రికార్డులో కనిపిస్తే కోర్టు దాన్ని పట్టించుకోవచ్చని 1967లో సుప్రీంకోర్టు మున్షీరామ్ కేసులో చెప్పింది.

అందుకే ఘటన జరిగిన గంటల్లో చేసేవి ముఖ్యం. 112కు మొదట ఫోన్ చేసింది ఎవరన్నది నమోదవుతుంది. తన ఒంటి మీది గీరుడు కూడా ప్రభుత్వాసుపత్రిలో చూపించి మెడికో లీగల్ కేసుగా రాయించుకోవాలి. దుకాణాల సీసీటీవీ దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి, వాటిని భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అడగాలి. కాపాడబడిన మనిషి వాంగ్మూలం అన్నిటికంటే విలువైనది, ఆ మనిషి ఊరు మారేలోపు నమోదు కావాలి.

2024 జులై 1కి ముందు జరిగిన ఘటన అయితే ఇప్పటికీ పాత ఐపీసీ 96 నుంచి 106 సెక్షన్లే వర్తిస్తాయి. రక్షణ హక్కు మాటలు రెండు చట్టాల్లోనూ దాదాపు ఒకటే. తేడా తీవ్ర గాయం నిర్వచనంలో వస్తుంది. మనిషిని మంచాన పడేసిన నొప్పి పాత చట్టంలో 20 రోజులు ఉంటేనే తీవ్ర గాయం, కొత్తదాంట్లో 15 రోజులకే.